బొగ్గు సనదు, ఎండ సనదు

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. జుగ్రాఫియా కితాబులో 'కోయ్లే కీ కాన్' అన్న మాట మొదటిసారి చూసినప్పుడు తెల్లబోయాను. మా ఇంట్లో కాన్ అంటే చెవి. బొగ్గుకు చెవి ఏమిటి? కాన్‌కు గని అనే మరో మానీ ఉందని ఉస్తాద్ చెప్పాక ఇంకో సంగతి వెలిగింది. కొత్తగూడెంలో మా నానా టిఫిన్ డబ్బా పట్టుకుని ఏళ్ల తరబడి దిగింది ఆ కాన్‌లోకే.

అదే కితాబులో ఇంకో సబక్‌లో 'ఆబోహవా' అనే మాట ఉండేది. ఆబ్ అంటే నీళ్లు, హవా అంటే గాలి. ఒక ముల్కు మౌసమ్ ఎలా ఉంటుందో చెప్పడానికి ఈ రెండూ కలిపిన మాట అది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక 'వాతావరణం' నేర్చుకున్నాను. అందులో గాలి ఉంది, నీళ్లు లేవు. ఏ జబాన్ అందం దానిది. కానీ కాన్‌కూ ఆబోహవాకూ మధ్య రిష్తా ఉందని మాత్రం ఏ జబాన్‌లోనూ ఏ ఉస్తాదూ మాకు చెప్పలేదు. అది అఖ్బారు నౌకరీలో పడ్డాక, గనుల వార్తలు ఒక పేజీలో, వడదెబ్బ మౌత్‌లు ఇంకో పేజీలో దిద్దుతూ దిద్దుతూ నాకు నేనుగా తెలుసుకున్నాను.

ఈ మధ్య ఎల్లందు వెళ్లాను. మా మామూ రిటైరయ్యాక అక్కడే ఉంటున్నాడు. సాయంత్రం చాయ్ తాగి అలా నడుద్దామన్నాడు. దక్కన్‌లో బొగ్గు తవ్వకం మొదలైన ఊరది. ఇప్పుడు అక్కడ సింగరేణి పెట్టిన 39 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. కంచె అవతల వరసలు వరసలుగా పలకలు, అన్నీ ఆకాశం వైపు ముఖం పెట్టుకుని. మామూ కాసేపు చూసి అన్నాడు: "బేటా, బొగ్గు దొరికినప్పుడు మనోళ్లను ఎవరూ అడగలే. కాగితాలు ఎక్కడో రాసుకున్నరు. ఇప్పుడు ఈ ఎండ కాగితాలు ఎక్కడ రాస్తున్నరో?"

ఆ సవాల్ నాతోపాటు హైదరాబాద్ దాకా వచ్చింది. జవాబు కోసం పాత తారీఖ్ తిరగేశాను. దొరికింది ఇక్కడ రాస్తున్నాను.

కాలిన పొయ్యి రాయి

ఎల్లందు వైపు ఒక కథ చెప్పుకుంటారు. భద్రాచలం వెళ్తున్న యాత్రికులు దారిలో వంటకు మూడు నల్లరాళ్లు పొయ్యిగా పెట్టుకున్నారట. కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయట. ఇది కథే. కాగితం మీద ఉన్న సంగతి ఏమిటంటే, భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఎల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. పక్కనున్న సింగరేణి ఊరి పేరు ఆ గనులకు వచ్చింది.

అప్పుడు హైదరాబాద్ రియాసత్‌కు బొగ్గు అవసరం ఏమిటి? రైలు. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా 1874లో రైలు వచ్చింది. ఇంజనుకు బొగ్గు కావాలి, అది ఎక్కడెక్కడి నుంచో తేవాలి. సొంత రియాసత్‌లోనే బొగ్గు ఉందని తెలిశాక రైలు తూర్పుకు జరిగింది. 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా. మధ్యలో డోర్నకల్ నుంచి ఎల్లందుకు ఒక శాఖ వేశారు. రైలు కోసం బొగ్గు, బొగ్గు కోసం రైలు. ఒకదాని కడుపు ఒకటి నింపుకుంటూ రెండూ పెరిగాయి. 1889లో తవ్వకం మొదలైంది.

అయితే భూమి తవ్వడానికి మూడేళ్ల ముందే ఇంకో తవ్వకం జరిగిపోయింది. అది ఖజానాలో.

తవ్వకముందే అమ్ముడుపోయిన గని

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ జమానా. రియాసత్ ఖనిజాలు తవ్వుకునే హక్కును 1886లో ఇంగ్లిష్ పెట్టుబడిదారులకు ఇజారాగా రాసిచ్చారు. ఇజారా 99 ఏళ్లు. దాని మీద లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పుట్టింది. ఈ వ్యవహారమంతా నడిపిన మనిషి అబ్దుల్ హక్, ఖితాబు సర్దార్ దిలేర్ జంగ్. రియాసత్‌లో పెద్ద ఓహదేదార్.

కంపెనీ మూలధనం పది లక్షల పౌన్లని చాటారు. అందులో చాలా పెద్ద భాగం షేర్లు ఇజారా సంపాదించిన వాళ్లే, నగదు కట్టకుండా, సనదు తెచ్చినందుకు ముఆవజాగా తమ పేర రాసుకున్నారు. తర్వాత ఆ షేర్ల ధర బజారులో పెంచారు. పెంచిన ధరకు హైదరాబాద్ సర్కారు సొమ్ముతో షేర్లు కొన్నారు. కొన్నది సర్కారు తరఫున అబ్దుల్ హక్. అమ్మకంలో లాభం పొందింది కూడా అబ్దుల్ హక్కేనని తేలింది. ఒక చేత్తో అమ్మి ఇంకో చేత్తో కొన్నాడు, మధ్యలో ఖజానా ఖాళీ అయింది.

గోల లేచింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ దీని మీద సెలెక్ట్ కమిటీ వేసి తహఖీఖాత్ జరిపింది. నిజాం సర్కారు వాదన వినిపించడానికి మెహదీ హసన్ ఫతే నవాజ్ జంగ్ లండన్ వెళ్లాడు. అబ్దుల్ హక్ ఓహదా పోయింది. ఆ కాలంలో హైదరాబాద్ పేరు లండన్ అఖ్బార్లలో ఇంతగా నలిగిన సందర్భాలు తక్కువ.

ఇక్కడ నన్ను ఆపేసింది రిష్వత్ కథ కాదు. రిష్వత్ ప్రతి జమానాలో ఉంది. ఆపేసింది ఆ కేసులో ఎవరెవరున్నారన్న లెక్క. నిజాం ఉన్నాడు. ఓహదేదార్లు ఉన్నారు. లండన్ షేర్‌దార్లు ఉన్నారు. పార్లమెంటు సభ్యులు ఉన్నారు. ఎవరి నేల కింద ఆ బొగ్గు ఉందో, ఆ ఎల్లందు అడవుల కోయలు, ఆ ఊళ్ల రైతులు ఈ తగాదాలో ఫరీఖులు కారు. మోసం ఖజానాకు జరిగిందా, షేర్‌దార్లకు జరిగిందా అనేదే బహస్. మూడో పక్షం ఒకటి ఉందని ఎవరి ఖయాల్‌లోకీ రాలేదు.

అదే ఎండ, బొంబాయిలో

బొగ్గు తప్ప అప్పట్లో వేరే దారి లేదు కదా అని మనం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. తారీఖ్ ఇంకోలా చెబుతోంది.

ఎల్లందు ఇజారా రాయడానికి ఎనిమిదేళ్ల ముందు, 1878లో, బొంబాయిలో ఒక కితాబు అచ్చయింది. రాసింది విలియం ఆడమ్స్. ఇంజనీరు కాదు, హైకోర్టులో ములాజిమ్. ఉష్ణదేశాల్లో ఇంధనానికి బదులు సూర్యుడి వేడిని వాడుకోవచ్చు అనేది ఆ కితాబు మౌజూ. బొంబాయిలో బొగ్గు ధర మండిపోయేది. కట్టెల కోసం అడవులు పలచబడుతున్నాయి. ఎండ మాత్రం ముఫ్త్. ఆడమ్స్ చిన్న చిన్న బల్లపరుపు అద్దాలను అర్ధచంద్రాకారంగా నిలబెట్టి, వాటి వెలుగునంతా ఒక బాయిలర్ మీదికి మళ్లించాడు. నీళ్లు మరిగి ఆవిరి వచ్చింది. ఆ ఆవిరితో కొలాబాలోని తన ఆవరణలో రెండున్నర హార్స్‌పవర్ పంపు నడిపించి చూపించాడు. సిపాయీలకు వంట చేసే ఎండ పొయ్యి కూడా తయారుచేశాడు.

అదే 1878లో పారిస్ నుమాయిష్‌లో ఒగస్తాఁ ముషో అనే ఫ్రెంచ్ మాస్టారు ఎండతో ఇంజను నడిపి, ఆ ఇంజనుతో ఐసు గడ్డ చేసి చూపించాడు.

మరి ఈ అద్దాలు ఏమయ్యాయి? రాత్రి పూట పనిచేయవు, మబ్బు పడితే పనిచేయవు, అద్దాలను సూర్యుడి వెంట తిప్పుతూ ఉండాలి. ఇవి అసలైన కమజోరీలే. ఇంకో కమజోరీ కూడా ఉంది. ఎండకు ఇజారా రాయలేరు. తొంభై తొమ్మిదేళ్లు ఒకరి పేర రాసి, దాని మీద లండన్‌లో షేర్లు అమ్ముకోలేరు. బొగ్గును తాళం వేసి పెట్టుకోవచ్చు, తూకం వేసి అమ్ముకోవచ్చు, రైలెక్కించి పంపించవచ్చు. దౌలత్ మొదట బొగ్గు వైపు పరుగెత్తడంలో ఆశ్చర్యం లేదు.

పొగ గురించి ఎవరికీ తెలియదా అంటే అదీ పూర్తిగా నిజం కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. బొగ్గుపులుసు వాయువు ఉన్న గొట్టం మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కింది. 1896లో, అంటే ఎల్లందులో తవ్వకం మొదలైన ఏడేళ్లకు, స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ కాగితం మీద హిసాబ్ వేశాడు. గాలిలో ఆ వాయువు రెట్టింపైతే భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కుతుందన్నాడు. చలిదేశం మనిషి కాబట్టి ఆయనకు అది ఖుష్‌ఖబర్‌లా తోచింది. రామగుండం మే నెల ఆయనకేం తెలుసు!

భూమి కింద కలిసిన జబాన్లు

1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో కొత్త కంపెనీ రిజిస్టరైంది, పాత కంపెనీ ఆస్తులూ అప్పులూ దీనికి వచ్చాయి. వ్యాపారం మద్రాసుకు చెందిన బెస్ట్ అండ్ కంపెనీ చూసేది. 1945లో ఒక పెద్ద మార్పు జరిగింది. హైదరాబాద్ సర్కారు మెజారిటీ షేర్లు కొనేసి కంపెనీని తన చేతికి తీసుకుంది. దేశంలో మిగతా బొగ్గు గనుల జాతీయీకరణ 1971, 1973 మధ్య జరిగింది. మన దగ్గర పాతికేళ్ల ముందే అయిపోయింది. ఇప్పుడు ఆ కంపెనీలో 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది.

ఈ సంగతి నాకు చాలా అహమ్ అనిపిస్తుంది. 1886 సనదు పత్థర్ కీ లకీర్ కాలేదు. 59 ఏళ్లకు దాన్ని తిరగరాశారు. రాసినది తప్పయితే తిరిగి రాయొచ్చని మన తారీఖే మనకు గవాహీ ఇస్తోంది.

మా నానా ఆ రోజుల్లోనే కొత్తగూడెంలో పనికి చేరాడు. మొదట బదిలీ ఫిల్లర్, తర్వాత పర్మనెంట్. తట్టా చెమ్మస్ పట్టుకుని టబ్బులు నింపే పని. ఈ మాటలు చూడండి. బదిలీ మనదే, చెమ్మస్‌లో మన చమ్చా వినిపిస్తుంది, హాజరీ వేసే మస్టర్ ఇంగ్లిష్‌ది, తట్ట తెలుగు. పైన ఊళ్లో ఏ మొహల్లా వాడు ఏ మొహల్లానో, కింద మాత్రం అందరి ముఖాలూ ఒకటే నలుపు. అందరి జబానూ ఒకటే కిచిడీ. సర్దార్ 'పైకప్పు కూత పెడుతున్నది' అంటే తెలుగాయనా, తురకాయనా, కోయాయనా ఒకే పరుగు. గనిలో పైకప్పు పడబోయే ముందు సన్నగా చప్పుడు చేస్తుందట, అది వినగలవాడే బతుకుతాడట. కాన్‌లో పనిచేసేవాడికి కాన్ జాగ్రత్తగా ఉండాలి అని నానా నవ్వేవాడు. చిన్నప్పటి నా గందరగోళం ఆయన నోట జోక్ అయింది.

అన్నిసార్లూ చెవి కాపాడదు. 2003 జూన్‌లో గోదావరిఖని గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది మజ్దూర్లు పోయారు. మన ఇంట్లో లైటు వెలిగినప్పుడు ఆ హిసాబ్ బిల్లులో కనబడదు.

దీపం బాకీ

బొగ్గును తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. నాకు ఆ హక్కు లేదు. నేను పరీక్షలకు చదివింది బొగ్గు కరెంటు వెలుతుర్లో. మా అమ్మీకి ఎండాకాలం ఉపవాసాల్లో ఫ్యాను తిరిగింది బొగ్గుతోనే. నిజాం జమానాలో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం షహర్‌కు వెలుతురిచ్చింది. 1960లలో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ వచ్చింది. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల యూనిట్, 1983 నుంచి అక్కడే ఎన్టీపీసీ. అది పెరిగి 2600 మెగావాట్లయింది.

తెలంగాణ సేద్యం బోరు మీద నడుస్తుంది, బోరు కరెంటు మీద. వ్యవసాయ మోటార్లు ఇరవై లక్షలకు పైనే ఉన్నాయి. 2018 జనవరి 1 నుంచి వాటికి 24 గంటల ఉచిత కరెంటు. ఐదు హార్స్‌పవర్ మోటారు ఏడు గంటలు నడిస్తే సుమారు 26 యూనిట్లు కాలుతాయి. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్‌కు మన బొగ్గు 700 గ్రాముల దాకా కాలాలి. అంటే ఒక రైతు ఒక రోజు మడి తడుపుకోవడానికి ఎక్కడో 18 కిలోల బొగ్గు కాలింది. దాన్నుంచి పాతిక కిలోల దాకా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసింది. ఆ రైతును ముజ్రిమ్ అంటామా? అనలేం. కానీ హిసాబ్ మాత్రం హిసాబే.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి కొండ మీద గాలిని కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో బొగ్గుపులుసు వాయువు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఇందులో మన వాటా కంటే రెండు వందల ఏళ్లుగా కాల్చిన యూరప్, అమెరికాల వాటా చాలా పెద్దది. అయినా వాయువుకు పాస్‌పోర్టు లేదు. పొగ ఎవరిదైనా సెగ అందరికీ.

నీళ్లూ, గాలీ

2015 మే నెల నాకు బాగా గుర్తు. డెస్కులో కూర్చుని రోజూ వడదెబ్బ మౌత్‌ల లెక్క దిద్దేవాళ్లం. ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి ఆ ఒక్క ఎండాకాలం రెండు వేలకు అటూఇటూగా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు, ఎండలో పని మానుకునే ఇఖ్తియార్ లేనివాళ్లు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. పొయ్యి రాళ్లు కాలిన కథలో యాత్రికులు వెళ్తున్న భద్రాచలమే. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు ఖమ్మం ఇళ్లలోకి వచ్చింది. మా దోస్త్ ఇంట్లో కితాబులన్నీ బురదయ్యాయి. ఏదో ఒక వరదను చూపించి ఇది బొగ్గు వల్లే అనడం ఇల్మ్ కాదు. 1986లో గోదావరి ఇంతకన్నా ఎక్కువే వచ్చింది. కానీ వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది అనేది ఇల్మ్. 2024లో భూమి సగటు వేడి పారిశ్రామిక యుగం ముందరి కంటే ఒకటిన్నర డిగ్రీ ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క తేల్చింది.

అప్పుడు నాకు ఆ ఉర్దూ మాట కొత్తగా అర్థమైంది. ఆబోహవా. గాలి చెడితే నీళ్లూ చెడతాయి. ఆ రెంటినీ ఒకే మాటలో కట్టిన పెద్దలకు సైన్సు తెలియకపోవచ్చు, రిష్తా తెలుసు.

కూలిన గోపురాలు, తేలిన పలకలు

2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కొత్తగూడెం థర్మల్‌కు చెందిన ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి కూల్చారు. కొన్ని సెకన్లలో నేలమట్టం. వీడియో చూస్తూ మామూ ఫోను పక్కన పెట్టేశాడు. అదే ఏడాది రామగుండం 62.5 మెగావాట్ల యూనిట్ కూడా మూతబడింది.

ఇంకోవైపు, రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 జులై నుంచి పూర్తిగా పనిచేస్తోంది. 500 ఎకరాల నీటి మీద పరిచిన పలకలు. భూమి అడగదు, పైగా నీళ్లు ఆవిరి కాకుండా కాపాడుతుంది. ఏడాదికి 1,65,000 టన్నుల బొగ్గు ఆదా అవుతుందని అంచనా. ఖుషీ విషయమే. కానీ సింగరేణి ఏడాదికి తవ్వేది దాదాపు 7 కోట్ల టన్నులు. 2025 నాటికి దేశంలో కరెంటు తయారీ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కాని వాటిదే అయింది. అయినా వాస్తవంలో తయారయ్యే కరెంటులో పెద్ద భాగం ఇంకా బొగ్గుదే. ఎండ పగలే ఉంటుంది. విలియం ఆడమ్స్‌ను ఆపిన రాత్రి మనల్నీ ఆపుతోంది. ఆయన దగ్గర బ్యాటరీలు లేవు, మన దగ్గర ఉన్నాయి కానీ ఇంకా చాలినన్ని లేవు.

కాబట్టి బొగ్గు రేపే పోదు. పోవడం మాత్రం మొదలైంది. అసలు పనివాళ్లకు ఆ పోవడం ఎప్పుడో మొదలైంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మజ్దూర్లు ఉండేవాళ్లు. ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గు తగ్గలేదు, పెరిగింది. భూగర్భ గనులు పోయి ఓపెన్ కాస్టులు వచ్చాయి, తట్టా చెమ్మస్ పోయి భారీ యంత్రాలు వచ్చాయి. చేతులు అక్కర్లేకపోయాయి. సోలార్ ప్లాంటుకైతే కట్టేటప్పుడే చేతులు కావాలి. కట్టాక కాపలాకు, పలకలు తుడవడానికి కొద్దిమంది చాలు. గని చుట్టూ చాయ్ హోటళ్లు, బట్టల దుకాణాలు, బడులు, మస్జిదులు, గుళ్లు, యూనియన్ ఆఫీసులు పుట్టాయి. సోలార్ కంచె చుట్టూ బస్తీ పుట్టదు.

గని అనే ఊరు

నంద్యాల జిల్లాలో గని అనే ఊరుంది. పేరే గని. అక్కడా, పక్కనున్న శకునాలలోనూ 2017లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఐదు వేల ఎకరాలకు పైగా. ఆ సమయానికి ఒకే చోట ఉన్న ప్రపంచపు పెద్ద పార్కుల్లో ఒకటి. చిన్నప్పటి నా చెవి గందరగోళం మళ్లీ గుర్తొచ్చింది. గనిలో బొగ్గు లేదు, ఎండ ఉంది. అంటే 1880లలో వీలుకాదనుకున్న పని ఇప్పుడు వీలైంది. ఎండకు ఇజారా రాయడం నేర్చుకున్నాం. ఎండ పేర రాయం, అది పడే జమీన్ పేర రాస్తాం.

ఎలా రాస్తామన్నదే మామూ సవాల్. అనంతపురం పొలిమేర అవతల, తెలుగు బాగా వినిపించే కర్ణాటక తాలూకా పావగడ ఉంది. అక్కడ 13 వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల పార్కు కట్టారు. భూమి కొనలేదు, రైతుల దగ్గర కిరాయికి తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచే షరతు రాసుకున్నారు. మిల్కియత్ రైతు పేరనే ఉంది. కరువు నేలలో అది చిన్న సంగతి కాదు. అయితే భూమి ఉన్నవాడికి కిరాయి వచ్చింది, ఆ భూమిలో కూలి చేసుకునేవాడికి, అందులో గొర్రెలు మేపుకునేవాడికి ఏం వచ్చింది? అతని పేరు ఈ కాగితంలోనూ లేదు. 1886 కంటే ఒక మెట్టు పైకొచ్చాం. ఇంకా మెట్లున్నాయి.

ఎన్నేళ్లు?

తారీఖ్‌లో నాకు దొరికిన జవాబు ఇది. ఎల్లందులో తవ్వకం మొదలైంది 1889లో. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల వాళ్లకు ఆ రాబడిలో కొంత వాటా కానూన్‌గా ఇవ్వాలని, జిల్లా ఖనిజ నిధి పెట్టాలని గనుల చట్టంలో రాసింది 2015లో. మధ్యలో 126 ఏళ్లు. నాలుగైదు తరాలు గనిలో దిగి, ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపుకుని, ఊళ్లు ఓపెన్ కాస్టులకు వదిలేసి వెళ్లిపోయాక ఆ ఒక్క జుమ్లా కాగితం మీదికి వచ్చింది. ఖర్చు సరిగ్గా అవుతోందా అనేది ఇంకో బహస్.

బొగ్గు పోవాలి. మున్నేరు మా దోస్త్ ఇంట్లోకి మళ్లీ రాకూడదన్నా, మే నెలలో కూలీ పగటిపూట బతకాలన్నా పోవాల్సిందే. దాని చోట ఎండ రావాలి, గాలి రావాలి. ఇందులో నాకు షక్ లేదు. నా ఫికర్ అంతా సనదు గురించి. గని మూసేటప్పుడు ఆ బస్తీ పిల్లలకు ఏ హునర్ నేర్పుతారు, ఏ నౌకరీ చూపిస్తారు? సోలార్ రాబడిలో ఆ మండలానికి ఏమైనా వాటా రాస్తారా? జమీన్ లేని మనిషి పేరు ఏ కాలమ్‌లో రాస్తారు? తవ్వి వదిలేసిన ఓపెన్ కాస్టు గుంతను ఎవరు పూడుస్తారు? ఇవి మొదటి కాగితంలోనే రాయాలి. తర్వాత చూద్దాం అన్నది ఏదీ తర్వాత చూడరని ఎల్లందుకు తెలుసు.

తిరిగొచ్చే రోజు పొద్దున మామూ బస్టాండు దాకా వచ్చాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. "ఏం రాస్తవ్ మరి?" అని అడిగాడు. నువ్వడిగిందే రాస్తాను మామూ అన్నాను. బొగ్గు విషయంలో కాగితం మన దగ్గరికి రావడానికి 126 ఏళ్లు పట్టింది.

ఎండ విషయంలో ఎన్నేళ్లు?